మోచేతి మీద వేలు

సుభాషిణి నీలం కాన్వాసు సంచిని బల్ల మీద పెట్టి దాని జిప్పు రెండుసార్లు అటూ ఇటూ లాగి చూసింది. మూడేళ్ల కిందట ఒక సుబేదారు గారి అబ్బాయికిచ్చిన సంచి జిప్పు రైల్లోనే ఊడిపోయిందని వాళ్లమ్మ ఫోన్ చేసి చెప్పిన నాటి నుంచీ ఆవిడకి జిప్పుల మీద నమ్మకం పోయింది. ఇది పరవాలేదనిపించాక ఒక్కొక్కటే సర్దడం మొదలుపెట్టింది. లావుపిడి చెంచాలు రెండు. పళ్లెం జారిపోకుండా కింద పరిచే రబ్బరు చాప. చేతులూ కాళ్లూ రుద్దే మెత్తని బ్రష్షు. వేళ్లకి బలం రావడానికి పిసికే పచ్చ ముద్ద, డబ్బాతో సహా. ఒళ్లో పెట్టుకుని కూర్చునే ఇసుక దిండు. 'నీళ్లు', 'చాలు', 'బాత్రూం' అని చూపించే బొమ్మల అట్టలు. అన్నిటికన్నా పైన ఉత్తరం. ఆ ఉత్తరం ఇంకా రాయలేదు.

ఆ సెంటరులో దాన్ని పోస్టింగు సంచి అంటారు. ఢిల్లీ బేర్ సరాయ్ సందులో, పోటీ పరీక్షల పుస్తకాల కొట్టు మీద, మొదటి అంతస్తులో మూడు గదులు. ఒక గదిలో ఉయ్యాల, బంతుల తొట్టి. ఇంకో గదిలో చిన్న బల్లలు, చిన్న కుర్చీలు. మూడోది ఆఫీసు, వంటిల్లు, సామాన్ల గది అన్నీను. అక్కడికొచ్చే పిల్లల్లో సగం మంది కంటోన్మెంటు పిల్లలే, మిలిటరీ వాళ్ల పిల్లలు. రెండేళ్లకో మూడేళ్లకో తండ్రికి బదిలీ ఉత్తర్వు వస్తుంది. పిల్ల అప్పుడప్పుడే చొక్కా గుండీ పట్టుకోవడం నేర్చుకుంటూ ఉంటుంది, ఇంట్లో నల్ల ట్రంకు పెట్టెలు దిగుతాయి. ఆ వెళ్లేచోట ఇలాంటి సెంటరు ఉంటుందో ఉండదో తెలియదు కనక, సుభాషిణే ఈ సంచి పద్ధతి పెట్టింది. వస్తువులతో పాటు 'ఇకముందు ఈ పాపను చూడబోయే థెరపిస్టు గారికి' అని ఒక ఉత్తరం. ఆ థెరపిస్టు గారు అసలు ఉంటారో లేదో కూడా తెలియదు. పంతొమ్మిదేళ్లలో నలభై సంచులు సర్దింది. ఇది నలభై ఒకటోది. మొదట్లో ఒక్కొక్క సంచి కట్టేటప్పుడు కళ్లనీళ్లు పెట్టుకునేది. ఇప్పుడు కళ్లు తడవవు, నడుము నొప్పి పెడుతుందంతే.

ఆక్యుపేషనల్ థెరపీ అంటే ఏమిటని ఊళ్లో చుట్టాలడిగితే, "పిల్లల పనులు పిల్లల చేతే చేయించడం" అని చెప్పేది సుభాషిణి. దానికో చదువా అని వాళ్లు నవ్వేవాళ్లు. తెనాలి నుంచి చదువు కోసం వచ్చి, ఇక్కడే పెళ్లి చేసుకుని, ఇక్కడే జుట్టు నెరిపించుకున్నాక, ఆవిడకీ అప్పుడప్పుడూ అనిపించేది, దీనికో చదువా అని.

సంచి సహస్రకి. ఆరేళ్ల పిల్ల. తండ్రి నవదీప్ హవల్దారు, తల్లి ప్రవల్లిక. కరీంనగర్ వాళ్లు. రెండేళ్ల కిందట ఆ పిల్లని మొదటిసారి తీసుకొచ్చినప్పుడు మెట్లెక్కించడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చింది. ఎవరు తాకినా ఒళ్లంతా కారం పూసినట్టు అరిచేది. మాట లేదు. అన్నం చేతికంటితే గోడకేసి రుద్దేది. అలాంటిది ఇప్పుడు చెప్పులు తనే వేసుకుంటుంది, బాత్రూంకి తనే వెళ్లొస్తుంది, టిఫిను డబ్బా తనే తెరిచి చెంచాతో తింటుంది.

సుభాషిణి ఉత్తరానికి జతచేసే ఫారం తీసి, వరసకి వరస టిక్కులు పెట్టుకుంటూ వచ్చింది. 'చెంచాతో తనంతట తాను తింటుంది' అన్న చోట పెద్ద టిక్కు పెట్టింది.

పక్కన నిలబడి బొమ్మల అట్టలకి రింగు తొడుగుతున్న కావేరి ఆ టిక్కు చూసి చెయ్యి ఆపింది. కావేరికి ఇరవై నాలుగేళ్లు. ఆర్కే పురంలో పుట్టి పెరిగిన తెలుగు పిల్ల. సెంటరులో చేరి ఏడాదైంది. తెలుగు వింటే అర్థమవుతుంది కానీ నోరు తెరిస్తే సగం హిందీ.

"మ్యామ్, ఒక బాత్ చెప్తే కోపం చెయ్యరు కదా?"

"చేస్తాను. చెప్పు."

"సహస్ర తనే ఖుద్ సే తినదు. మీ ఉంగ్లీ ఉంటేనే తింటది."

"ఏ వేలు? ఎక్కడి వేలు?"

కావేరి చెప్పకుండా ఫోను తీసింది. తల్లిదండ్రులకి చూపించడానికి వారానికోసారి వీడియో తీయడం అక్కడ అలవాటు. మొన్న శనివారంది పెట్టింది. సహస్ర బల్ల ముందు కూర్చుంది. చెంచా పెరుగన్నంలోకి దిగింది, నోటికి వెళ్లింది, మళ్లీ దిగింది. "బాగానే తింటోందిగా" అంది సుభాషిణి. "కింద చూడండి మ్యామ్. కోనీ దగ్గిర."

చూసింది. పిల్ల మోచేతి కింద ఒక చూపుడువేలు. పైకెత్తడం లేదు, తోయడం లేదు, ఊరికే ఆనించి ఉంది. చెంచా నోటికి వెళ్లినప్పుడల్లా ఆ వేలు ఒక్క నూలుపోగంత కదులుతోంది. గోరు మీద పసుపు మరక చూస్తే గాని, అది తన వేలేనని సుభాషిణికి తెలియలేదు.

"ఎప్పటి నుంచి ఇలా?" అంది.

"నేను వచ్చిన తబ్ సే. నేను అనుకున్నా, అది కూడా టెక్నిక్ అని."

సుభాషిణి కుర్చీలో కూలబడింది. ఈ విద్యలో మొదటి పాఠం ఇదే. మొదట పిల్ల చేతి మీద మన చెయ్యి వెయ్యాలి. తరవాత మణికట్టు దగ్గర పట్టుకోవాలి. తరవాత మోచెయ్యి. తరవాత ఏమీ ఉండకూడదు. "సాయం చెయ్యడం ఎవరికైనా వస్తుంది, సాయం తీసెయ్యడమే మన పని" అని ఏటేటా వచ్చే ట్రైనీలకి బోర్డు మీద రాసి మరీ చెప్పేది. అలాంటి మనిషి రోజుకి పదకొండు మంది పిల్లల్ని చూసీ చూసీ, నడుముకి బెల్టు కట్టుకుని వంగీ లేచీ, చివరి మెట్టు దిగడం మరిచిపోయింది. మరిచిపోవడం కూడా కాదు, తన వేలు ఎక్కడుందో తనకే తెలియలేదు.

"పరీక్ష చేద్దాం" అంది.

ఆ రోజు బుధవారం, మార్చి ఇరవై ఏడు. సహస్ర పదకొండింటికి వచ్చింది. ఉయ్యాలా, బంతుల తొట్టీ అయ్యాక పన్నెండింటికి డబ్బా తెరిచింది. సుభాషిణి రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పిల్ల చెంచా ముంచి అన్నం ఎత్తి, గాలిలో ఆపింది. అలాగే ఆగిపోయింది. అన్నం కరిగినట్టు చెంచా అంచు నుంచి మెల్లగా జారి డబ్బాలో పడింది. కాసేపటికి ఎడమచేత్తో సుభాషిణి చూపుడువేలు పట్టుకుని తెచ్చి తన కుడి మోచేతి కింద పెట్టుకుంది. పెట్టుకుని, తినడం మొదలుపెట్టింది.

మనిషి మొహంలోకైనా చూడని పిల్ల, తనకి కావలసింది ఒక మనిషి దగ్గర ఉందని తెలుసుకుని, వెతుక్కుని, తెచ్చుకుంది. ఇంకే రోజైనా సుభాషిణి ఈ సంగతి పుస్తకంలో రాసి స్వీట్లు పంచేది. ఇవాళ ఆవిడ వేలు తీసుకోలేక, ఉంచలేక, పిల్ల తినడం అయ్యేదాకా అలాగే కూర్చుంది.

*

ప్రవల్లిక మెట్ల దగ్గర బెంచీ మీద కూర్చుని ఉంది. తల్లులు లోపలికి రాకూడదని సెంటరు నియమం. తల్లి కనిపిస్తే పిల్లలు పని చెయ్యరని సుభాషిణే పెట్టింది ఆ నియమం కూడా.

"ఇంట్లో ఎలా తింటోందమ్మా?" అని అడిగింది సుభాషిణి.

"ఇంట్ల యాడ తింటది మేడం, నేను ముద్దలు జేసి పెట్టాలె. మీ దగ్గర మంచిగ తింటది, వీడియోల సూస్త గద. నా తోటి ఆటలాడ్తుంది." ప్రవల్లిక నవ్వబోయి, ఆగి, గొంతు తగ్గించింది. "మొన్న కోపమొచ్చి రెండు దెబ్బలు గూడ ఏసిన మేడం. మేడం దగ్గర తింటవ్, నా దగ్గర ఎందుకు తినవే అని."

సుభాషిణి ఆ దెబ్బలు తన వీపు మీద పడ్డట్టు కదిలింది. దాచుకోకుండా అంతా చెప్పింది. తప్పు పిల్లది కాదు, నీది కాదు, నాది అంది.

 ప్రవల్లిక కొంగుతో మొహం తుడుచుకుంటూ అసలు సంగతి చెప్పింది. ఇంతవరకూ చెప్పుకోవడానికి మొహమాటపడ్డ సంగతి. నవదీప్‌కి వచ్చిన పోస్టింగు ఉత్తర బెంగాలులో ఒక చిన్న కంటోన్మెంటు. అక్కడి స్కూలు వాళ్లు ఫోనులో ఒక్కటే మాట అన్నారు. ఆయా లేదు, పిల్ల బాత్రూంకి తనే వెళ్లాలి, టిఫిను తనే తినాలి, అలా అయితేనే చేర్చుకుంటాం. చేర్చుకుంటే ముగ్గురూ వెళతారు. లేకపోతే తల్లీ పిల్లా ఢిల్లీలోనే క్వార్టరు ఉంచుకుని ఉండిపోవాలి, ఆయన ఒక్కడే వెళ్లాలి. ఏ సంగతీ వచ్చే గురువారం సాయంత్రంలోగా ఆఫీసులో రాసివ్వాలి.

"ఇదివరకు మూడేండ్లు బార్డర్ల ఉన్నడు మేడం. ఇది పుట్టినంక ఇంట్ల ఉన్నది మొత్తం కలిపితే రెండేండ్లు లేదు. ఇప్పుడిప్పుడే ఆయన పక్కకు పోయి పండుకుంటుంది. మల్ల రెండు మూడేండ్లు ఫోనుల సూసుకోమంటే, ఇది ఫోనుల మొఖం సూస్తదా?"

"గురువారం అంటే ఎనిమిది రోజులు. మధ్యలో ఆదివారం పోతే ఏడు" అంది సుభాషిణి.

"అయితదా అక్కా?" అంది ప్రవల్లిక. అంతవరకూ మేడం అన్న మనిషి.

"చూద్దాం" అంది సుభాషిణి. అవుతుందని చెప్పే ఓపిక ఆవిడకి లేదు.

మెట్లెక్కి పైకొస్తుంటే మరో ఆలోచన వచ్చింది. పిలవకుండా వచ్చి పీట వేసుకు కూర్చునే చుట్టం లాంటి ఆలోచన. పిల్ల తినకపోతే ఇక్కడే ఉండిపోతుంది. సోమ బుధ శనివారాలు పదకొండింటికి వస్తూనే ఉంటుంది. నలభై ఒకటో సంచి విప్పి అరలో సర్దేయొచ్చు. సుభాషిణి ఆ ఆలోచనని తరిమింది కానీ, అది ఎంత దూరం పోయిందో వెనక్కి తిరిగి చూడలేదు.

*

మర్నాటి నుంచి సహస్రని రోజూ రమ్మన్నారు. గురువారం సుభాషిణి వేలు మోచేతికి కాక గౌను చేతి గుడ్డకి మాత్రమే ఆనించింది. పిల్ల రెండుసార్లు వెనక్కి చూసి తింది. శుక్రవారం వేలు భుజం దగ్గరికి జరిగింది. సగం డబ్బా తింది. శనివారం వేలు వీపు మీద. ఆరు చెంచాలు. కావేరి ఒక్కొక్క చెంచా లెక్కపెట్టి కాగితం మీద గీతలు గీసింది.

ఆదివారం పొద్దున ఇంట్లో, మునీర్కాలో, భర్త భీమశంకరం ఇడ్లీ తింటుంటే సుభాషిణి ఎదురుగా కూర్చుని ఆయన మోచేతినే చూస్తోంది. ఆయన మంత్రిత్వశాఖలో సెక్షన్ ఆఫీసరుగా రిటైరై నాలుగేళ్లయింది.

"ఏమిటే, నా మోచెయ్యి ఇంత అందంగా ఉందని ముప్పయ్యేళ్లుగా ఎప్పుడూ చెప్పలేదు?"

"తినండి. నేను పని చేసుకుంటున్నా."

"ఆదివారం కూడానా? నాకేం నేర్పుతున్నావు, ఇడ్లీ తినడమా?"

"చట్నీ చొక్కా మీద పోసుకోకుండా తినడం మీకు నేర్పే థెరపిస్టు ఇంకా పుట్టలేదు గానీ, ఒక మాట చెప్పండి. నేను ఊరెళ్లినప్పుడు మీరు ఎలా తింటారు?"

భీమశంకరం చెయ్యి ఆపి ఆలోచించాడు. "నువ్వుంటే ఇంకో రెండు వెయ్యవే అంటాను. లేకపోతే లేచి నేనే వేసుకుంటాను. అంతే తేడా."

సుభాషిణి నవ్వలేదు. ఆయన ఇంకో రెండు వెయ్యమని కంచం జరిపాడు. అలవాటు కొద్దీ లేచి వేసింది.

సోమవారం వేలు కుర్చీ వీపు మీదికి పోయింది. పిల్లకి ఇక దాని స్పర్శ లేదు. నాలుగు చెంచాలు తిని ఆపేసింది. వెనక్కి తిరిగి సుభాషిణి చేతి కోసం గాలించింది. దొరక్క డబ్బా తీసి నేలకేసి కొట్టింది. కావేరి నేల తుడుస్తూ, "కోయీ బాత్ నహీ మ్యామ్, రేపు హో జాయేగా" అంది.  సుభాషిణికి ఆ పిల్ల మీద కోపం రాలేదు, జాలి రాలేదు. నిద్ర వచ్చింది. ఇసుక దిండు తల కింద పెట్టుకుని పావుగంట ఆ చిన్న చాప మీదే పడుకుంది.

మంగళవారం జరిగింది జరగకూడనిది. కావేరి ఫోనొచ్చి బయటికి వెళ్లింది. గదిలో ఇద్దరే. పిల్ల అప్పటికి ముప్పావుగంట నుంచి చెంచా పట్టుకుని కూర్చుంది. పొద్దున ఇంట్లో ముద్ద పెట్టవద్దని తల్లికి సుభాషిణే చెప్పింది, ఆకలేస్తే తింటుందని. పిల్ల పెదవులు ఎండిపోయాయి. ఏడవలేదు. సుభాషిణి వేలు పట్టుకోలేదు కూడా. ఊరికే తన మోచేతిని బల్ల అంచు నుంచి కొంచెం బయటికి జరిపి, ఖాళీ చూపించింది. ఇక్కడ పెట్టు అన్నట్టు.

సుభాషిణి పెట్టింది.

పిల్ల డబ్బా అంతా ఊడ్చి తింది. పప్పన్నం, ఆలుగడ్డ ముక్కలతో సహా. ఆ పది నిమిషాలూ సుభాషిణికి హాయిగా ఉంది. చెప్పుకోడానికి సిగ్గుపడేంత హాయిగా. కావేరి తిరిగొచ్చి ఖాళీ డబ్బా చూసి గంతేసింది. "అరే వాహ్! పూరా? ఖుద్ సే?" సుభాషిణి ఊ అనలేదు, ఉహూ అనలేదు. డబ్బా మూత పెట్టింది. కావేరి కాగితం మీద పెద్ద నక్షత్రం గీసింది. కింద బెంచీ మీద ఉన్న ప్రవల్లికకి పరుగున వెళ్లి చెప్పింది. ప్రవల్లిక అక్కడి నుంచే భర్తకి ఫోను చేసింది. "తిన్నదట! మొత్తం తిన్నదట!" అన్న కేక మెట్ల మీదుగా పైకి వచ్చి సుభాషిణి చెవుల్లో పడింది.

బుధవారం సహస్ర ఒక్క చెంచా కూడా తినలేదు. మోచెయ్యి బయటికి జరిపి కూర్చుంది. జరపడం, ఎదురుచూడడం. వేలు రాకపోయేసరికి తల గోడకేసి కొట్టుకోబోయింది. ఇద్దరూ పట్టుకుని ఉయ్యాల దగ్గరికి తీసుకెళ్లారు. తల కొట్టుకోవడం ఆరు నెలలుగా మానేసిన పని.

"సమఝ్ నహీ ఆ రహా" అంది కావేరి. "నిన్న పూరా తిన్నది కదా?"

"నిన్న నేను వేలు పెట్టాను" అంది సుభాషిణి.

కావేరి తను నక్షత్రం గీసిన కాగితం వైపు చూసింది.

"క్యోం మ్యామ్?"

"ఆకలేసింది దానికి."

"సిర్ఫ్ దానికేనా?" అంది కావేరి. అనేశాక నాలిక కరుచుకుంది. "సారీ మ్యామ్."

"సారీ ఎందుకు. నిజమేగా." సుభాషిణి ఉయ్యాల తాడు పట్టుకుని నిలబడింది. పిల్ల అటూ ఇటూ ఊగుతూ మెల్లగా చల్లబడుతోంది. "నేను గదిలో ఉన్నంతసేపూ అది వేలు కోసమే చూస్తుంది. వేలు కుర్చీ మీద పెట్టినా, జేబులో పెట్టినా, నేనున్నానంటే వేలు ఉన్నట్టే. తియ్యాల్సింది వేలు కాదే. నన్ను."

"తో కల్?"

"రేపు నువ్వొక్కదానివే కూర్చో. పక్కన కాదు, ఎదురుగా. నీ డబ్బా నువ్వు తెరుచుకుని నీ అన్నం నువ్వు తిను. దాని వైపు చూడకు. దాన్ని తినమనకు. నేను అసలు ఊళ్లోనే లేనట్టు."

"ఔర్ అగర్ నహీ ఖాయా తో?"

"తినకపోతే వాళ్ల నాన్న ఒక్కడే వెళతాడు. ఇంకేముంది."

వెళ్లేముందు సుభాషిణి ప్రవల్లికకి కూడా చెప్పేసింది, మంగళవారం సంగతి. ప్రవల్లిక ఈసారి ఏడవలేదు. మొహం గట్టిపడింది. "గట్లెట్ల చేస్తరక్కా? మా ఆయన నిన్న అందరికి ఫోన్లు జేసి చెప్పిండు" అంది.  తల్లి పిల్లని భుజానికెత్తుకుని, ఆరేళ్ల పిల్లని, బరువుకి వంగిపోతూ మెట్లు దిగిపోయింది.

*

గురువారం పదిన్నరకి సుభాషిణి బేర్ సరాయ్ వచ్చింది గానీ మెట్లెక్కలేదు. కింద పుస్తకాల కొట్టులో, జిరాక్సు యంత్రం పక్కన, కొట్టు అతను వేసిన ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుంది. చుట్టూ సివిల్స్‌కి చదివే పిల్లలు నోట్సుల దొంతరలు తిరగేస్తున్నారు. పక్క మెస్సులోంచి రాజ్‌మా వాసన వస్తోంది. ఆవిడ ఒక పుస్తకం తీసి, అది భూగోళమో ఆర్థికశాస్త్రమో కూడా చూడకుండా, మొహానికి అడ్డం పెట్టుకుంది. సరిగ్గా పదకొండింటికి ఆటో ఆగింది. ప్రవల్లిక దిగింది, సహస్ర దిగింది, నవదీప్ దిగాడు. ఆయన సెలవు పెట్టి వచ్చాడు. స్వయంగా చూసి, చూసినదే ఆఫీసులో రాసిస్తానన్నాడట. పిల్ల చెప్పులు ఈడ్చుకుంటూ మెట్లెక్కుతున్న చప్పుడు, ఒక్కొక్క మెట్టూ, ఆవిడకి వినిపించింది. పదహారు మెట్లు.

పన్నెండయింది. పన్నెండుంబావు అయింది. పైన ఏదో పడ్డ చప్పుడైంది. సుభాషిణి లేచింది, మళ్లీ కూర్చుంది. "ఆంటీ, ఏ కితాబ్ లేనీ హై క్యా?" అని ఒక కుర్రవాడు అడిగాడు. ఆవిడ పుస్తకం అతనికిచ్చేసి ఇంకోటి తీసుకుంది. పన్నెండున్నర. ఇంతసేపు పట్టకూడదు. తింటే ఇరవై నిమిషాల్లో తింటుంది, తినకపోతే పది నిమిషాల్లో డబ్బా విసిరేస్తుంది. ఈ మధ్యలో ఏం జరుగుతున్నట్టు? పంతొమ్మిదేళ్ల అనుభవం ఆ స్టూలు మీద ఒక్క పిసరు పనికి రాలేదు. రెండు చేతులూ ఒళ్లో గట్టిగా పట్టుకుని, ఎవరో లాక్కుపోతారన్నట్టు కూర్చుంది.

ఒంటిగంటకి పది నిమిషాలుండగా కావేరి మెట్లు దిగొచ్చింది. చేతిలో డబ్బా. తెరిచి చూపించింది. అడుగున నాలుగు మెతుకులు.

"యాభై మినిట్లు మ్యామ్. ఇరవై ఐదు మినిట్ల వరకు చెంచా కూడా ముట్టలేదు. కోనీ బయట పెట్టి కూర్చున్నది. నేను నా రాజ్‌మా చావల్ తింటూనే ఉన్నా. కడుపు పగిలిపోతున్నది నాకు! ఫిర్, ఒక చెంచా. ఫిర్ ఐదు మినిట్లు కుఛ్ నహీ. ఫిర్ ఇంకొకటి." కావేరి కళ్లు తుడుచుకుంది. "వాళ్ల పాపా తలుపు సందులోంచి చూసిండు. ఫౌజీ ఆద్మీ, మ్యామ్. దీవార్ పట్టుకుని ఏడ్చిండు."

"కోనీ?" అంది సుభాషిణి.

"క్యా?"

"మోచెయ్యి. చివర్లో ఎక్కడుంది?"

కావేరి ఆలోచించింది. "టేబుల్ మీద. ఆరామ్ సే. జైసే అందరిదీ ఉంటది."

సుభాషిణి తల ఊపింది. పైనుంచి తండ్రీ కూతురూ దిగుతున్న అడుగుల చప్పుడు వినిపించగానే గబుక్కున జిరాక్సు యంత్రం వెనక్కి జరిగి, వాళ్లు ఆటో ఎక్కేదాకా అక్కడే నిలబడింది.

శుక్ర, శనివారాలు కూడా పిల్ల కావేరి ఎదురుగా తింది. ముప్పయి అయిదు నిమిషాలు ఒకరోజు, ఇరవై ఎనిమిది ఇంకోరోజు. శనివారం ఇంట్లో కూడా తింది, తల్లి వంటగదిలో ఉండి తొంగిచూస్తుంటే. సుభాషిణి ఆ రెండు రోజులూ పదకొండు నుంచి ఒంటిగంట దాకా కిందనే కూర్చుంది. మిగతా పిల్లల వేళలు మార్చుకుంది. ఫారంలో చెంచా వరసకి ఎదురుగా ఉన్న టిక్కు కొట్టేసి, చేత్తో రాసింది: 'తింటుంది. పక్కన ఎవరూ కూర్చోకూడదు. నేర్పినవాళ్లు అసలు కూర్చోకూడదు.' సంచి కావేరి చేత ఇప్పించింది.

ఆదివారం ప్రవల్లిక ఫోను చేసింది. గొంతులో బుధవారం నాటి గట్టిదనం లేదు.

"అక్కా, రేపు పొద్దుగాల పోతున్నం. ఉగాది పండుగ రైల్లనే. ఒక్కసారి దాన్ని తీస్కొని మీ ఇంటికొస్తం. కాళ్లు మొక్కిస్త."

"వద్దమ్మా."

"కోపమొచ్చిందా అక్కా నా మీద?"

"కోపమెందుకే పిచ్చిదానా. నన్ను చూస్తే చెయ్యి వెతుక్కుంటుంది. పది రోజులైనా కాలేదు. నన్ను చూడకుండా వెళ్లిపోతేనే దానికి మంచిది."

 "మరి మీకు?" అంది ప్రవల్లిక.

"నాకేముంది. సోమవారం పదకొండింటికి ఇంకో పిల్లాణ్ణి వేశారు." సుభాషిణి వేళల పుస్తకం దగ్గరికి లాక్కుంది. "ఆరు నెలల తరవాత మాత్రం తీసుకురా. దసరా సెలవులకి ఊరికెళుతూ ఢిల్లీలో దిగండి. అప్పటికి పరవాలేదు. అక్టోబరు పద్నాలుగు, పదకొండు గంటలకి. పుస్తకంలో రాసి పెడుతున్నా."

"తప్పకుండ వస్తం అక్కా."

"నూనె పెట్టి కాళ్లు రుద్దడం మానకు. రైల్లో చప్పుడుకి చెవులు మూసుకుంటే మూసుకోనీ, లాగకు."

"సరే అక్కా."

"ఉంటా మరి" అని సుభాషిణే ముందు ఫోను పెట్టేసింది.

ఏప్రిల్లో ఒక వీడియో వచ్చింది, స్కూలు బల్ల మీద సహస్ర టిఫిను తింటున్నది. పక్కన ఎవరో పిల్ల, ఎవరి డబ్బా వాళ్లది. జూన్లో ఇంకొకటి వచ్చింది. ఆ తరవాత ప్రవల్లిక ఫోన్లు తగ్గాయి. పిల్ల బాగున్నప్పుడు తల్లులు ఫోన్లు చెయ్యరు. అది ఈ వృత్తిలో ఉన్నవాళ్లందరికీ తెలిసిన సంగతే, మంచి సంగతే కూడా. అక్టోబరు పద్నాలుగున సుభాషిణి పదకొండు గంటల వేళ ఎవరికీ ఇవ్వలేదు. పన్నెండున్నర దాకా చిన్న కుర్చీలో కూర్చుంది. ఆ సాయంత్రం ప్రవల్లిక మెసేజి పెట్టింది, ఈసారి సెలవు దొరకలేదు అక్కా, సంక్రాంతికి చూస్తం అని.

సహస్ర ఢిల్లీ వదిలి వెళ్లింది 2024 ఏప్రిల్ ఎనిమిది, సోమవారం పొద్దున. మళ్లీ రాలేదు.